నిమిషానికి ఒక చుట్టు

ముత్తుకూరు చుట్టుపక్కల ఏ రొయ్యల చెరువులో ఏరేటరు ఆగిపోయినా రైతు ముందుగా ఫోన్ చేసేది ఒక ఆడమనిషికి. నీళ్లను చిలికి గాలి కలిపే ఆ యంత్రం తెల్లవారుజామున ఒక గంట ఆగితే రొయ్యలు ఊపిరాడక నీటి పైకి తేలతాయి. ఇంకాసేపు ఆగితే ఆ పంట పోయినట్టే. అందుకని ఆమె నంబరు అందరి దగ్గరా ఉంటుంది. రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఆమెది మోటారు వైండింగ్ కొట్టు. ఆమెకంటే పెద్దవాళ్లు కూడా ఆమెను అక్కా అనే పిలుస్తారు. నేనూ అంతే.

నా ఉద్యోగం చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో. రైతులు నాకివ్వాల్సిన నీళ్ల సీసాలు ఆమె కొట్టులో పెట్టి పోయేవాళ్లు. రోజూ సాయంత్రం వెళ్లి వాటిని తెచ్చుకునేవాణ్ణి. అలా వెళ్లినప్పుడల్లా ఆమె పని చూస్తూ కాసేపు నిలబడిపోవడం అలవాటైంది. ఆమె ఎడమచేత్తో రాగితీగ పట్టుకుని, కుడిచేత్తో చక్రం తిప్పుతూ చుట్లు చుట్టేది. ఒక్కో చుట్టకు ఇన్ని చుట్లని లెక్క ఉంటుంది. ఒకటి తక్కువైనా, ఎక్కువైనా మోటారు వేడెక్కుతుంది. ఆమె ఆ లెక్క పైకి అనేది కాదు. మధ్యలో రైతు వచ్చి మాట్లాడితే జవాబు చెప్పేది, ఫోనెత్తేది, భర్తకు మాత్రలు వేసుకోమని గుర్తు చేసేది. చెయ్యి మాత్రం ఆగదు, లెక్క తప్పదు. ఒకసారి పరీక్షించాలనిపించి, ఆమె చుట్టిన చుట్టను ఒకదాన్ని అడిగి తీసుకుని విప్పుతూ లెక్కపెట్టాను. సరిగ్గా సరిపోయింది. ఆమె నవ్వి, విప్పిన తీగ నాతోనే మళ్లీ చుట్టించింది. నాకు మూడుసార్లు లెక్క తప్పింది.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. భర్త తాపీ మేస్త్రీ. ఒక మేడకు పూత పూస్తూ సారవ కర్రల మీదనుంచి పడి నడుము దెబ్బతిన్నది. ప్రాణం దక్కింది గాని ఊతకర్ర లేకుండా నడవలేడు, బరువెత్తలేడు. ఆ రోజుల్లో ఆమె కాలిపోయిన మోటారొకటి పాత ఇనప సామాన్ల కొట్టులోనుంచి తెచ్చుకుని, ఇంట్లో కూర్చుని తీగ తీగా విప్పింది. ఎన్ని చుట్లు, ఎటునుంచి ఎటు అని గోడమీద బొగ్గుతో రాసుకుంది. అన్నే చుట్లు కొత్త తీగతో చుట్టింది. అది తిరగలేదు. రెండోది తిరిగి, పొగొచ్చి ఆగిపోయింది. మూడోది ఇప్పటికీ ఎవరి చెరువులోనో తిరుగుతూ ఉందట. ఈ సంగతులన్నీ ఆమె ఏనాడూ చెప్పలేదు. కొట్టు మూల నులక మంచం మీద కూర్చునే మేస్త్రీ అన్న చెప్పాడు, చెబుతూ ఆమె వైపు చూడకుండా.

ఇక నా పిచ్చి సంగతి. శ్రీహరికోటలో రాకెట్టు వదిలితే మా వైపు అందరం మేడెక్కి చూస్తాం. ఆ ఫోటో కోసమే ఒక పాత కెమెరా కొన్నాను. కెమెరా కన్ను నాలుగైదు నిమిషాలు తెరిచి ఉంచితే రాకెట్టు పోయిన దారంతా నిప్పుగీతలా వచ్చింది. ఆ ఉత్సాహంలో ఒకనాడు నక్షత్రాల వైపు అదే పని చేశాను. నక్షత్రాలు కూడా గీతల్లాగే వచ్చాయి. భూమి తిరుగుతుంది గదా, కన్ను తెరిచి ఉన్నంతసేపూ ఆకాశం జరిగిపోతూ ఉంటుంది. కన్ను తొందరగా మూసేస్తే పాలపుంత మసకగా కూడా పడదు. ఎక్కువసేపు తెరిస్తే చుక్క చుక్కగా ఉండదు. దీనికి ఉపాయం, ఆకాశంతో పాటు కెమెరా కూడా మెల్లగా తిరగడం. అందుకు అమ్మే పరికరాలు నేను కొనగలిగినవి కావు. కానీ ఇంట్లో చేసుకునే పద్ధతి ఒకటుంది. రెండు చెక్కలు పుస్తకంలా తెరుచుకునేటట్టు ఒకవైపు మడతబందుతో బిగించాలి. బందును ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టాలి. కింది చెక్కలోంచి మరలు కోసిన రాడ్డు ఒకటి పైచెక్కను మెల్లగా నెట్టాలి. పైచెక్క మీద కెమెరా. రాడ్డు ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరు ఎక్కేదయితే, బందునుంచి రాడ్డు దూరం రెండువందల ఇరవై ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు ఉండాలి. అప్పుడు రాడ్డును నిమిషానికి ఒక చుట్టు తిప్పితే, కెమెరా ఆకాశంతో సమానంగా కదులుతుంది.

గూడూరులో రాడ్డు కోయించుకొచ్చాను. ప్లైవుడ్ చెక్కలు, బందు, నిమిషానికి ఒక చుట్టు తిరిగే చిన్న మోటారు, బ్యాటరీ, అన్నీ కుదిర్చి నెల రోజులు తంటాలు పడ్డాను. వచ్చిన ఫోటోలో నక్షత్రాలు వానపాముల్లా మెలికలు తిరిగాయి. మూడుసార్లు విప్పి బిగించాను. మెలికలు మారాయి గాని పోలేదు. చివరికి సిగ్గు చంపుకుని ఆ పెట్టెను ఆమె కొట్టుకు తీసుకెళ్లాను.

ఎందుకు, ఏమిటి అని ఆమె ముందుగా అడగలేదు. మోటారు వేయమంది. పొడుగాటి స్క్రూడ్రైవరు తీసుకుని దాని మొన చెక్కకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుంది. కళ్లు మూసుకుని విన్నది. ఏరేటరు బేరింగు పోయిందో లేదో ఆమె చూసేది అలాగే. తర్వాత పిడి నా చెవికి పెట్టింది. నాకు గరగర తప్ప ఏమీ తెలియలేదు.

"పళ్లచక్రాల్లో ఖాళీ ఉండాది. ఒక పన్ను పట్టుకుంటది, ఇంకోటి జారతది. నడక సమంగా లేదు," అంది. ఆ తర్వాత అడిగింది ఈ పెట్టెతో నేనేం చేయబోతున్నానని. చెప్పాను. నా ఫోనులో మెలికల ఫోటో చూపించాను. ఆమె మోటారు ఆపేసింది.

"నిమిషానికి ఒక చుట్టు అంటివి. ఒక చుట్టుకు మోటారెందుకబ్బయ్యా?"

నెల రోజులుగా మంచి మోటారు ఎక్కడ దొరుకుతుందా అనే తిరిగాను గాని, మోటారే అక్కర్లేదేమో అన్న ఊహ రాలేదు.

ఆ వారం సాయంత్రాలు ఆమె ఖాళీ చేసుకుని ఆ పెట్టెను మొదటినుంచి కట్టింది. నేను తెచ్చిన బందు చేత్తో ఊపి చూసి పక్కన పడేసింది. ఇనప కొట్టునుంచి ఎనిమిది బందులు తెప్పించి, ఒక్కొక్కదాన్నీ తెరిచి మూస్తూ వేళ్లతో పరీక్షించి ఒకటి ఏరింది. దాని మేకులో కూడా వెంట్రుకంత కదలిక ఉందని పల్చని ఇత్తడి రేకు చుట్టి లోపలికి దించింది. రాడ్డు చివర కుట్టుమిషను చక్రమంత చెక్కచక్రం బిగించి, దాని అంచున గడియారంలా అరవై గీతలు గీసింది. సెకను ముల్లు ఏ గీత దగ్గరుంటే చక్రమూ ఆ గీత దగ్గరుండాలి. నూనె వేసిన తర్వాత ఆ చక్రం ఒక వేలితో తిరిగింది. ఆమె చేతిలో పని చూస్తుంటే నా నెల రోజుల కష్టం చిన్నపిల్లల ఆటలా అనిపించింది. కానీ చిన్నతనం మాత్రం అనిపించలేదు. పని అంటే ఎలా ఉండాలో దగ్గరగా చూస్తున్నానన్న సంతోషమే ఎక్కువ.

ఇంకో చిక్కు మిగిలింది. బందును ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టాలన్నాను గదా. మా వైపు ధ్రువనక్షత్రం చాలా కిందుగా ఉంటుంది. ఉత్తరాన కృష్ణపట్నం ఓడరేవు దీపాలు, కరెంటు ఫ్యాక్టరీల దీపాలు. ఆ వెలుతురులో, సముద్రపు తేమలో అది కంటికి ఆనదు. ఫోనులో దిక్సూచి ఉందిగా అన్నాను. మంచం మీదనుంచి మేస్త్రీ అన్న కలగజేసుకున్నాడు. అన్నాళ్ల పరిచయంలో ఆయన తన పని గురించి మాట్లాడటం అదే మొదలు.

"దాన్ని నమ్మబాక. నీ బండి పక్కన ఒక తీరు చూపిస్తది, నా ఇనప కర్ర పక్కన ఒక తీరు. ఇంటి పునాదికి ముగ్గు పోసేటప్పుడు మేం దిక్కు యాడ తెచ్చుకుంటామనుకున్నావు? ఎండలోనుంచి," అన్నాడు. తర్వాత, "ఎత్తు ఎంత కావాల?" అని అడిగాడు.

పద్నాలుగు డిగ్రీలన్నాను. డిగ్రీలు తనకు తెలియవనీ, గీసి చూపించమనీ అన్నాడు. కాగితం మీద కోణం గీసి ఇచ్చాను. టేపు పెట్టి కొలిచి, "నాలుగుకి ఒకటి వాటం," అన్నాడు. నాలుగు మూరలు ముందుకు పోతే ఒక మూర ఎత్తు. ఇంటికి వెళ్లి లెక్కేసి చూశాను. సరిగ్గా పద్నాలుగు డిగ్రీలే.

కోట అనే ఊరు దాటి సముద్రం వైపు పోతే ఒక పల్లెలో చేపలు ఎండబెట్టుకునే సిమెంటు గచ్చు ఉంది. అక్కడైతే ఓడరేవు దూరం, దక్షిణమంతా చీకటి. ఆ గచ్చు వాడుకునే ఆమెను అడిగితే, రాత్రిళ్లయితే పొద్దు పొడిచేలోగా ఖాళీ చేయమంది, చేపలు పెట్టని ఆదివారం పగలు వాడుకున్నా అభ్యంతరం లేదంది. ఒక ఆదివారం ఉదయం అక్క తన ట్రాలీ ఆటోలో మోటార్ల బదులు మేస్త్రీ అన్నను, ఒక కుర్చీని, గొడుగును ఎక్కించుకుని వచ్చింది. పడ్డ తర్వాత ఆయన ఆసుపత్రికి తప్ప ఇంత దూరం రావడం అదే మొదటిసారని దారిలో ఆమె నాతో అంది.

ఆయన కుర్చీలో కూర్చుని చెబుతుంటే నేను చేశాను. గచ్చు మీద రసమట్టం పెట్టి చదునుగా ఉన్న చోటు ఎంచాడు. తూకం గుండు వేలాడదీసి ఒక ఇనప చువ్వను నిట్టనిలువుగా నిలబెట్టించాడు. చువ్వ మొదట్లో దారం కట్టి, దాని చుట్టూ సుద్దతో వలయం గీయించాడు. ఉదయం చువ్వ నీడ పొడుగ్గా ఉండి, మెల్లగా కురుచబడుతూ, దాని కొస వలయాన్ని తాకింది. అక్కడ ఒక గుర్తు. మధ్యాహ్నం దాకా నీడ లోపలే ఉండి మళ్లీ పొడుగవుతుంది, రెండోవైపు వలయాన్ని తాకుతుంది. అక్కడ ఇంకో గుర్తు. ఆ రెంటినీ కలిపితే తూర్పు పడమర. దానికి అడ్డంగా గీస్తే ఉత్తరం. వినడానికి ఇంతే. కానీ మధ్యలో అయిదు గంటలు. నేను, అక్క నీడకు పోయి కూర్చున్నాం. ఆయన గొడుగు కిందనుంచి కదల్లేదు. అన్నం కూడా అక్కడే తిన్నాడు. రెండో గుర్తు దగ్గరపడుతుంటే నన్ను పక్కకు జరగమని, కర్ర పక్కన పడేసి, మోకాళ్ల మీదికి దిగాడు. అక్క లేచింది గాని ఆయన్ను పట్టుకోలేదు. ఆయన చేత్తోనే గుర్తు పెట్టాడు. ఆయన చేత్తోనే మేకుతో గీత గీశాడు, ఒకటిన్నర గజం పొడుగు, ఎక్కడా వంకర లేకుండా. లేవడానికి మాత్రం ఇద్దరం సాయం పట్టాం.

"మూడేళ్లయింది గీత గీసి," అన్నాడు చేతులు దులుపుకుంటూ.

ఆ శుక్రవారం తెల్లవారుజామున నాలుగింటికి ముగ్గురం మళ్లీ అక్కడున్నాం. మేస్త్రీ అన్న చెక్కతో చేసిన నాలుగుకి ఒకటి వాటం దిమ్మెను గీత మీద పెట్టి, దాని మీద పెట్టె బిగించాం. ఆగ్నేయాన సముద్రం మీద వృశ్చికం కొండీ ఎత్తి నిలబడి ఉంది. చేతిగడియారం చూస్తూ మొదట నేను చక్రం తిప్పాను. ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి ముల్లు ముందుకు పోయేది, నేను తొందరపడి అందుకోబోయేవాణ్ణి. నక్షత్రాలకు తోకలొచ్చాయి.

"నువ్వు ముల్లు ఎంట పరిగెత్తుతుండావు. జరుగు," అంది అక్క.

ఆమె గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. గడియారాన్ని ఒక నిమిషం పాటు ఊరికే చూసింది. తర్వాత చక్రం అంచున వేలు పెట్టి తిప్పడం మొదలుపెట్టింది. ఇక గడియారం వైపు చూడలేదు. నేను మాత్రం చూస్తూనే ఉన్నాను. ముల్లు పన్నెండు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ చక్రం మీది మొదటి గీత అక్కడే ఉంది. నాలుగు నిమిషాలు అలా తిప్పింది. కెమెరా తెర మీద బొమ్మ తేలింది. పాలపుంత పొగమబ్బులా తేటగా ఉంది. నక్షత్రాలు ఆవగింజల్లా గుండ్రంగా ఉన్నాయి. మేస్త్రీ అన్న ఫోటో ఎక్కువసేపు చూడలేదు. కిందికి వంగి, దిమ్మె తన గీత మీదనుంచి జరిగిందేమోనని చేత్తో తడిమి చూసుకున్నాడు.

నాకైతే పని పూర్తయిందనిపించింది. ఆమెకు కాలేదు. ఆ రోజు చక్రం వెనక్కి తిప్పకుండా తన చేత్తో తీసిన ఆరు ఫోటోల్నీ వరసగా చూపించమంది. మొదటి మూడూ బాగున్నాయి. తర్వాతవి ఒకదానికంటే ఒకటి సాగాయి. ఆమె చెయ్యి తప్పిందేమోనని నేను అనుకోవచ్చు గాని, ఆమె అలా అనుకోలేదు. పెట్టెను కొట్టులో పెట్టుకుని రెండు రోజులు తెరుస్తూ మూస్తూ చూసింది. మూడో రోజు నన్ను పిలిచి, చెక్క తెరుచుకునే కొద్దీ రాడ్డు దాన్ని ఏటవాలుగా నెడుతోందని చూపించింది. చెక్క తలుపులా గుండ్రంగా తెరుచుకుంటుంటే తిన్నటి రాడ్డు దాని వెంట ఎలా పోతుంది, రాడ్డూ గుండ్రంగా వంగాలి గదా అంది. పుస్తకాల్లో లెక్కలతో రాసే సంగతి అది. ఆమె రెండు చెక్కల్ని చూసి తెలుసుకుంది.

రాడ్డు వంచే పని మేస్త్రీ అన్నది. ఆర్చి కిటికీలు కట్టినవాడికి అది కొత్త కాదు. నేల మీద మేకు కొట్టి, దారం రెండువందల ఇరవై ఎనిమిదిన్నర మిల్లీమీటర్లకు ముడేసి, వంపు గీసుకున్నాడు. మరలు చెడకుండా రాడ్డుకు గుడ్డ చుట్టి, ఒక పైపు మీద కొంచెం కొంచెంగా వంచి, ప్రతిసారీ గీతమీద పెట్టి సరిచూసుకున్నాడు. వంగిన రాడ్డు తిరగదు కాబట్టి దాన్ని కదలకుండా బిగించి, చక్రాన్ని నట్టుకు తగిలించి, ఆ నట్టు తిరిగేటట్టు మార్చింది అక్క.

దాన్ని పరీక్షించింది ఏప్రిల్‌లో, అమావాస్య ముందు ఒక తెల్లవారుజామున, అదే గచ్చు మీద. ఈసారి పది నిమిషాలు తిప్పుదామంది. మూడో నిమిషంలో ఆమె ఫోను మోగింది. ఒక రైతు. ఆ వేళప్పుడు రైతు ఫోన్ చేశాడంటే చెరువులో గాలి తగ్గుతోందని నాకూ తెలుసు. కెమెరా ఆపేద్దామన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి, భర్తకు సైగ చేసింది. ఆయన ఫోను తీసి ఆమె చెవి దగ్గర పట్టుకున్నాడు.

"తిరగతా ఉండాదా, గుర్రుమంటా ఉండాదా?" అని అడిగింది. అవతల ఏదో చెప్పాడు. "అట్టయితే ముందు ఆపు. ఆపినావా? భయపడబాక. ఒక ఫేజు పోయుంటది. చేతులు తుడుచుకో, చెప్పులేసుకో. మెయిను దించు. పూర్తిగా దించినావా? ఇప్పుడు మూడు ఫీజులూ ఊడదీసి చూడు, తీగ ఏదాంట్లో తెగిందో."

ఆమె వేలు చక్రం మీద నడుస్తూనే ఉంది. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. నాలుగు, అయిదు, ఆరు నిమిషాలు. అవతల రైతు తడబడుతున్నాడు. ఆమె గొంతు పెరగలేదు. ఫీజుకు ఎంత లావు తీగ వేయాలో చెప్పింది. దొరక్కపోతే చెరువు గట్టు షెడ్డులో తాను కిందటిసారి మేకుకు తగిలించి పోయిన చుట్ట వెతకమంది. ఎనిమిదో నిమిషంలో ఫోనులోంచి ఏరేటరు నీళ్లు కొట్టే చప్పుడు మాకు కూడా వినబడింది. తెల్లవారేలోగా వచ్చి చూస్తానని చెప్పి పెట్టేయమంది. మిగిలిన రెండు నిమిషాలూ తిప్పింది. పది నిమిషాలు కాగానే వేలు తీసి, చీర దులుపుకుని లేచింది.

ఫోటో చూసేందుకు కూడా ఆగలేదు. పెట్టె ఆటోలో పడేసి బయల్దేరాం. ఆ చెరువు దగ్గరికి చేరేసరికి తూర్పు తెల్లబడుతోంది. ఆమె మోటారు ఒంటి మీద అరచెయ్యి పెట్టి వేడి చూసింది. కొంతసేపు ఆగి మళ్లీ చూసింది. గట్టు మీద కూర్చున్న రైతుకు రొయ్యలు కోలుకుంటాయని చెప్పింది. అప్పుడు నేను కెమెరా తెరిచి ఇచ్చాను. తీగ మీది పూత పరీక్షించే భూతద్దం సామాన్ల పెట్టెలోంచి తీసి, ఆ చిన్న తెరను అంచునుంచి అంచుకు మెల్లగా చూసింది. పది నిమిషాల ఫోటో అది. నడిమిలో ఒక్క చుక్కకు కూడా తోక లేదు.

"ఈ మూల నాలుగు కొంచెం రెక్కలొచ్చినట్టుండాయే," అంది.

అది మన పెట్టె తప్పు కాదక్కా, కెమెరా అద్దం అంచుల్లో అట్లాగే చూపిస్తుందని చెప్పాను. ఆమె ఇంకోసారి ఆ మూలనే చూసి, భూతద్దాన్ని కొంగుతో తుడిచింది.

"ఆ అద్దం విప్పితే లోపల ఎట్టుంటది?" అని అడిగింది.